స్టీపుల్‌ఛేజు పందెముల చరిత్రము: ఎయిన్‌ట్రీ ఘనతలును వినోదములును

భారతారణ్యపర్వములోని నలోపాఖ్యానమునందు ఋతుపర్ణుఁడు బాహుకరూపమున నున్న నలునకు అక్షహృదయము నుపదేశింపఁగా, నలుఁడు ప్రతిగా నశ్వహృదయము నొసంగుట కొడంబడెను. పాచికల మర్మమును గుఱ్ఱముల మర్మమును ఒకే బేరమునఁ జేరుట కేవలము కథాచమత్కారము గాదు. ఆదిపర్వమునఁ గద్రూవినతలు ఉచ్చైశ్శ్రవము తోఁకవన్నెను గుఱించి దాస్యమునే పణముగా నొడ్డిరి. అందు గుఱ్ఱము పరుగెత్తనే లేదు. పందెము మాత్రము నడచెను, మోసమును నడచెను. గుఱ్ఱ మున్నచోట నదృష్టపరీక్ష యుండుట మనవారి కనాదిగాఁ దెలిసిన విషయమే. ఈ రెండు హృదయములును సరిసమానముగాఁ గలసియున్న వినోదము పాశ్చాత్యదేశములందు స్టీపుల్‌ఛేజు అను పేరఁ బరఁగుచున్నది. దాని చరిత్రమున గెలుపులకంటెఁ బాటులకుఁ గీర్తి యెక్కువ; నవ్వునకును దుఃఖమునకును నడుమ నొక కంచెమాత్రమే యడ్డము.

ముందుగా నామార్థము విచారింపఁదగును. స్టీపు లనఁగాఁ గ్రైస్తవదేవాలయముపై సూదివలె లేచియుండు శిఖరము. ఛే జనఁగాఁ దఱుముట. ఐర్లండు దేశమునఁ గార్కు మండలములో 1752వ సంవత్సరమున కార్నీలియస్ ఓకాలహన్, ఎడ్మండ్ బ్లేక్ అను నిరువురు పెద్దమనుష్యులు తమ గుఱ్ఱములలో నేది మేలైనదో తేల్చుకొనఁగోరి, బట్టివెంట్ గ్రామదేవాలయము నొద్దనుండి డోనరేల్ గ్రామదేవాలయశిఖరమువఱకుఁ బందెము వేసికొనిరని పరంపరగాఁ జెప్పఁబడుచున్నది. దూరము సుమారు 4½ మైళ్లు. దూరమునఁ గనఁబడు శిఖరమే గమ్యము. నడుమ బాట యెవరి యిష్టము వారిది. గోడ వచ్చిన గోడ, కాలువ వచ్చినఁ గాలువ, ముండ్లకంచె వచ్చినఁ గంచె దాఁటవలసినదే. చదునైన నేలపై పరుగున వేగమే ప్రధానము. ఇందు వేగమునకుఁ దోడు ధైర్యము, కాలి నిదానము, రౌతునందు విశ్వాసము నావశ్యకములయ్యెను. కాలక్రమమున శిఖరము మఱుగుపడి, కట్టిన కంచెలతోఁ గూడిన మైదానము వచ్చినను, పేరుమాత్రము నిలిచినది.

ఈ వినోదమునకుఁ బ్రధానస్థానము ఇంగ్లండులోని లివర్‌పూలు నగరముచెంతనున్న ఎయిన్‌ట్రీ. విలియమ్ లిన్ అను నొక పూటకూళ్లయింటి యజమానుఁడు సెఫ్టను ప్రభువునొద్ద నేల కౌలునకుఁ దీసికొని, 1829వ సంవత్సరమున నచటఁ జదునుపందెములు మొదలుపెట్టెను. కంచెలపందెము 1836లో జరిగెను. కెప్టెన్ మార్టిన్ బెచర్ అను రౌతు ‘డ్యూక్’ అను గుఱ్ఱముపై దానిని గెలిచెను. ఐనను గ్రాండ్ నేషనల్ అను పందెమునకు 1839వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీ నుండియే చరిత్రము లెక్కించుట వాడుక. ఆనాఁడు 17 గుఱ్ఱములు పరుగెత్తెను. జెమ్ మేసన్ అను రౌతు ‘లాటరీ’ యను గుఱ్ఱముపై గెలిచెను. మొదటి విజేతకే యదృష్టపుఁజీటి పేరుండుట యీ పందెముయొక్క స్వభావమునకుఁ దగినట్లే యున్నది.

అయినను ఆ దినమున శాశ్వతకీర్తి నొందినవాఁడు మేసన్ గాఁడు, ఓడిన బెచరు. ‘కాన్రాడ్’ అను గుఱ్ఱముపై ముందుండి పోవుచు, నొక కంచె యవతలి వాగులోఁ బడి, పైనుండి దూఁకుచున్న గుఱ్ఱముల డెక్కలు తగులకుండ నీటిలోనే యొదిగియుండెను. తరువాత లేచివచ్చి, మద్యము కలపని నీరింత చేదుగా నుండునని యెన్నఁడు ననుకొనలేదని చమత్కరించెనని యైతిహ్యము. ఆ చోటు నేఁటికిని బెచరు వాగనియే పిలువఁబడుచున్నది. గెలిచిన యెందఱో రౌతుల పేరులు మఱవఁబడినను, పడినవాని పేరు భూమిపై నిలిచినది.

1843లో నీ పందెమున కొక ముఖ్యమైన నియమ మేర్పడెను. బలముగల గుఱ్ఱముపై నెక్కువ బరువును, బలహీనమైనదానిపైఁ దక్కువ బరువును మోపి, యన్నింటికి నవకాశము సమముగాఁ జేయుటయే యా నియమము. హాండికాప్ అని దానికిఁ బేరు. సామర్థ్యము పెరిగినకొలఁది భారము పెరుగును. గెలిచిన గుఱ్ఱమునకు బహుమానము మఱుసటియేఁటి బరువే. అశ్వహృదయముపై నక్షహృదయమును బుద్ధిపూర్వకముగాఁ దూఁచి పెట్టుట యిదియే. 1847 నాటికి గ్రాండ్ నేషనల్ అను పేరు స్థిరపడినది. ఇప్పటి పందెము సుమారు 4¼ మైళ్ల దూరము. మైదానమున 16 కంచెలు గలవు. రెండు చుట్లలో మొత్తము 30 దాఁటులు. బెచరు వాగు, కాలువప్రక్క మలుపు, కుర్చీకంచె యనునవి వానిలోఁ బ్రసిద్ధములు.

అదృష్ట మెంత విపరీతముగా నుండఁగలదో 1928వ సంవత్సరము చూపినది. ఆ యేఁడు 42 గుఱ్ఱములు బయలుదేఱెను. విలియమ్ డటన్ అను న్యాయవాది యెక్కిన ‘టిప్పరేరి టిమ్’ అను గుఱ్ఱముపై నొకటికి నూఱు ధర పలికినది. దానికి శ్వాస సరిగా నాడక గొంతున గొట్ట మమర్చఁబడి యుండెను. తక్కిన వన్నియుఁ బడిననే గాని నీవు గెలువవని స్నేహితుఁ డొకఁడు డటన్‌తోఁ బరిహాసమాడెనఁట. మొదటి చుట్టులోఁ గాలువమలుపుకడ ‘ఈస్టర్ హీరో’ యను గుఱ్ఱము కంచెపైఁ జిక్కుకొని గోతిలోఁ బడఁగా, వెనుక వచ్చుచున్నవి బెదరి యొకదానిపై నొకటి పడెను. కడపటి కంచెకడ ‘బిల్లీ బార్టన్’ అనునది టిమ్‌తోఁ బోటీపడి, యదియుఁ బడిపోయెను. రౌతు మరల నెక్కి దానిని గమ్యమునకుఁ జేర్చెను. గమ్యము చేరినవి యా రెండే. పరిహాసము భవిష్యద్వాణి యయ్యెను. ఆ మీఁదట మలుపుకడనున్న గోయి పూడ్చఁబడినది. మఱుసటి సంవత్సర మింతకంటె నెక్కువగా 66 గుఱ్ఱములు బయలుదేఱఁగా, మరల నూఱింతల ధరగల ‘గ్రెగలాక్’ గెలిచినది.

సామర్థ్యమే గెలిచిన సంవత్సరములును లేకపోలేదు. ‘గోల్డెన్ మిల్లర్’ అను గుఱ్ఱము చెల్టెన్‌హామ్ సువర్ణపాత్రపందెమును 1932 మొదలు 1936 వఱకు వరుసగా నైదుమాఱులు గెలిచినది. 1934లో ఆ పందెముతోఁబాటు గ్రాండ్ నేషనల్ నుఁ గూడ గెలిచినది. ఆ సంవత్సర మది ఎయిన్‌ట్రీ దూరమును 9 నిమిషముల 20.4 సెకండ్లలో ముగించెను. 1938లోఁ బొట్టిగుఱ్ఱమగు ‘బాటిల్‌షిప్’పై బ్రూస్ హాబ్స్ అను 17 ఏండ్ల పొడవైన బాలుఁడు గెలువఁగాఁ జూచినవారు ముచ్చటపడిరి. 1947లో దట్టమైన పొగమంచున 57 గుఱ్ఱములు పరుగెత్తి, నూఱింతల ధరగల ‘కాహూ’ గెలిచినది. అది మంచులో నొకచోట నిలిచియుండి, రెండవ చుట్టున మాత్రమే తక్కినవానితోఁ గలసినదని వదంతి పుట్టెను. రెండు చుట్లయందును అది బెచరు వాగు దాఁటుచున్నట్లు ఛాయాపటములు పిమ్మటఁ జూపుటచే నపవాదము తొలఁగినది. చూపు కానని చోటఁ గల్పన పరుగెత్తునని దీనివలనఁ దెలియుచున్నది.

1956వ సంవత్సరము మార్చి 24వ తేదీ యీ చరిత్రమునఁ గరుణరసమునకు నిధానము. రాజమాత ఎలిజబెత్తుగారి గుఱ్ఱమగు ‘డెవన్ లాక్’ కంచెలన్నింటిని నిర్విఘ్నముగా దాఁటి, తక్కినవానిని వెనుకఁ జాల దూరమున విడిచి, గమ్యమునకు సుమారు 50 గజముల దూరమున నుండఁగా, ముందు కంచెయే లేనిచోట నెగిరి కడుపుపైఁ గూలఁబడెను. ‘ఈ.ఎస్.బి.’ యను గుఱ్ఱము దానిని దాఁటిపోయి గెలిచినది. ప్రక్కనున్న నీటికంచెనీడ చూచి దాఁటఁబోయెననియు, కాలికండరము పట్టినదనియు, రాజమాతగుఱ్ఱము గెలుచుచున్న దని జనము చేసిన జయధ్వానమునకు బెదరెననియుఁ బలువిధముల నూహలు గలవు. గుఱ్ఱ మే సంగతియుఁ జెప్పలేదు.

ఆ గుఱ్ఱము నెక్కినవాఁడు డిక్ ఫ్రాన్సిస్. గ్రాండ్ నేషనల్ గెలుచుట యతని జీవితమునఁ దీఱని కోరికగనే మిగిలెను. మఱుసటియేఁడు రౌతువృత్తి విడిచి స్వీయచరిత్రము ప్రకటించి, వార్తాపత్రికలకు వ్రాయుచు, 1962లో గుఱ్ఱపుఁబందెముల నాశ్రయించిన తన మొదటి యపరాధపరిశోధననవల వెలువరించెను. తరువాత నట్టివి నలువదికి మించి వ్రాసి లోకప్రసిద్ధుఁడయ్యెను. గెలిచియున్నచో నొక పంక్తిలో ముగియవలసిన పేరు, పడుటచే గ్రంథాలయములకెక్కినది. సాహిత్యమున కొక గుఱ్ఱపుపాటు మేలుచేసిన దనుట కింతకంటె నిదర్శన మక్కఱలేదు.

1967లో హాస్యరసము వంతు వచ్చెను. ‘ఆర్కిల్’, ‘ఫాయినావన్’ అను రెండు గుఱ్ఱములకు స్కాట్లండులోని యిరుగుపొరుగు కొండల పేరులు పెట్టఁబడినవి. రెండింటికిని మొదట వెస్ట్‌మినిస్టర్ డచ్చెస్‌గారే స్వామిని. ఆర్కిల్ 1964 మొదలు మూఁడేండ్లు సువర్ణపాత్ర గెలిచి, ఐర్లండులో నింటింటఁ జెప్పుకొనఁబడిన వీరాశ్వమయ్యెను. ఫాయినావన్ దేనికిని బనికిరానిదని యమ్మివేయఁబడెను. ‘సూసీ’ యను నొక మేఁక దాని సహవాసి. ఎయిన్‌ట్రీలో 44 గుఱ్ఱములలో నొకటిగా దానికి నూఱింతల ధర పలికినది. స్వామి చూడరాలేదు, శిక్షకుఁడును నాఁ డుస్టర్ అను మఱియొక మైదానమున వేఱొక గుఱ్ఱము నెక్కి గెలుచుచుండెను.

రెండవ చుట్టున 23వ కంచెకడ, రౌతును మొదటి కంచెయొద్దనే పడవైచి యొంటరిగాఁ బరుగెత్తుచున్న ‘పాఫమ్ డౌన్’ అను గుఱ్ఱము కంచె కడ్డముగాఁ దిరిగెను. ముందున్న గుఱ్ఱములు నిలిచిపోయెను. వెనుకనున్నవి వానిపైఁ బడెను. రౌతులు కంచె కవతల నేలఁబడి, గుఱ్ఱములు కంచె కీవల మిగిలెను. 4½ అడుగుల యెత్తుగల యా కంచె యా మైదానములోని చిన్న కంచెలలో నొకటి. చాల వెనుకఁబడి వచ్చుచుండుటచే జాన్ బకింగ్‌హామ్ అను రౌతు సంగతి యంతయు ముందే కనుఁగొని, సందు చూచుకొని ఫాయినావన్‌ను దాఁటించెను. తక్కినవారు గుఱ్ఱములఁ బట్టుకొని యెక్కి తఱుముకొని వచ్చునప్పటికి అది యందరాని దూరమునకుఁ బోయెను. మైదానములోని పందెపునిధి దానిపై నొకటికి 444 చొప్పునఁ జెల్లించెను. 1984లో నా కంచెకు ఫాయినావన్ పేరే పెట్టఁబడినది. మాంద్యము గుణమైన సందర్భము పురాణములందు సైత మరుదు. అయినను బకింగ్‌హామ్ మెలఁకువ లేనిచో నా మాంద్యము వ్యర్థమే యగును; అదృష్టము ద్వారమును దెఱచినను లోనికిఁ బోవలసినవాఁడు రౌతే.

అదే సభలో ముందురోజు చదునుపందెమున రెండేండ్ల పిల్లగుఱ్ఱ మొకటి మఱియొకదానితో సరిసమానముగా గమ్యము చేరెను. దాని పేరు ‘రెడ్ రమ్’. తల్లి ‘మారెడ్’, తండ్రి ‘క్వోరమ్’ అను వాని నామాంతములు గూర్చి యా పేరు కల్పింపఁబడినది. అది పలువురి చేతులు మాఱి, పాదపుటెముకల వ్యాధితో 1972లో 6,000 గినీలకు సౌత్‌పోర్టు పట్టణమున టాక్సీ నడుపుకొనుచుఁ బాతకారు లమ్ముకొనుచున్న జింజర్ మెకెయిన్ అను శిక్షకునొద్దకు వచ్చెను. అతఁడు సముద్రపుటిసుకపై దానిని బరుగెత్తించుచు నుప్పునీట నడిపింపఁగా వ్యాధి యడఁగెను. 1973లో ఆస్ట్రేలియాదేశపు ‘క్రిస్ప్’ అను మహాశ్వము దానికంటె 23 పౌనుల బరువెక్కువ మోయుచు, చాల దూరము ముందుండి, కడపటి కంచె దాఁటిన పిమ్మట నలసి తూలెను. రెడ్ రమ్ తుదియడుగులలో ముప్పాతిక నిడివి మాత్రము మించి గెలిచెను. కాలము 9 నిమిషముల 1.9 సెకండ్లు, గోల్డెన్ మిల్లర్ కాలమునకు 18 సెకండ్లకు పైగాఁ దక్కువ. క్రిస్ప్ ఓడెనా, లేక 23 పౌనులు గెలిచెనా యని నాఁటినుండియు నడుగుచునే యున్నారు. రెడ్ రమ్ తిరుగ 1974లోను 1977లోను గెలిచి, నడిమి రెండేండ్లును రెండవస్థానము నొంది, ఒక్కమాఱు గెలుపు బరువువలన నని యన్నవారికి సమాధానము చెప్పెను. 1995లో మృతినొందఁగా దానిని గమ్యస్తంభముచెంతనే సమాధిచేసిరి.

1981లో నరుఁడును గుఱ్ఱమును సమానముగా మృత్యుముఖమునుండి తిరిగివచ్చిన చిత్రము గోచరించెను. బాబ్ చాంపియన్ అను రౌతు 1979లోఁ గర్కటరోగగ్రస్తుఁడై చికిత్సవలన బ్రదికెను. ‘ఆల్డనిటి’ యను గుఱ్ఱము కాలు చెడి, పరుగునకుఁ బనికిరాదని యెంచఁబడియు మరలఁ గోలుకొనెను. ఇరువురును గలసి గ్రాండ్ నేషనల్ గెలిచిరి. 1993లో ఆరంభముననే చిక్కు గలిగినది. ఆరంభసూత్రము రెండవమాఱు చిక్కుకొన్నందున ఆరంభము చెల్లకపోయినను, ఆ సంగతి యెఱుఁగక 39 మందిలో 30 మంది రౌతులు పరుగెత్తించిరి. ఏడు గుఱ్ఱములు పందెము ముగించినవి. ‘ఎషా నెస్’ ముందుగా వచ్చినది. విజేత మాత్రము లేఁడు. పందెము రద్దు చేసి ధనము తిరిగి యిచ్చిరి. 1997లో బాంబు బెదరింపువలన సుమారు 60,000 మంది మైదానమునుండి పంపివేయఁబడిరి. బండ్లు లోపలనే నిలిచిపోఁగా దిక్కుతోఁచని ప్రేక్షకులను లివర్‌పూలు జనులు తమ యిండ్లకుఁ గొనిపోయి యాదరించిరి. పందెము శనివారమునుండి సోమవారమునకు మాఱి, ‘లార్డ్ గిలీన్’ గెలిచెను.

స్త్రీల పూనిక వేఱుగాఁ జెప్పఁదగినది. చెక్ దేశములోని పార్డుబిత్సే పట్టణమున 1874 మొదలు జరుగుచున్న మహాపందెమునందు లాటా బ్రాండిసోవా యను నామె 1927లోఁ బ్రవేశింపఁగోరినపు డాక్షేపణలు లేచెను. ఆమె వెనుదీయక, 1937లో ‘నోర్మా’ యను గోడిగపై జర్మను సైనికాశ్వికుల నోడించి గెలిచెను. ఎయిన్‌ట్రీలో నిది యాలస్యమైనది. 1977లో షార్లట్ బ్రూ మొదటిమాఱు పాల్గొనెను. 1982లో జెరాల్డిన్ రీస్ గమ్యము చేరెను. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ ‘మినెల్లా టైమ్స్’పై గెలిచెను. బ్రాండిసోవా గెలుపునకును దీనికిని నడుమ 84 ఏండ్లు గడచినవి.

చెల్టెన్‌హామ్ సువర్ణపాత్రపందెమున బరువులు సమము. కావున నచట సామర్థ్యమే ప్రధానమని వాడుక. అచట సైతము 1990లో ‘నార్టన్స్ కాయిన్’ నూఱింతల ధరతో గెలిచెను. దాని స్వామియు శిక్షకుఁడు నగు సిరెల్ గ్రిఫిత్స్ వేల్సుదేశపుఁ బాడిరైతు. ఆ యుదయ మావులఁ బిదికి, పిమ్మటఁ గుఱ్ఱమును గొనిపోయెను. రాజకుటుంబములును ధనికులును జేయలేనిపని నొక గొల్లపని చేసికొనువాఁడు చేసెనని లోకము సంతసించినది.

ఇట్లు నవ్వుచుఁ బోవు చరిత్రమున మఱియొక ప్రక్క గలదు. మనుష్యుఁడు తన యిచ్ఛచే నొడ్డును. కద్రూవినతల పందెమున ఉచ్చైశ్శ్రవమువలెనే యిచట గుఱ్ఱమునకుఁ బణమునఁ బాలు లేదు. కాని పాటున దానిదే ప్రాణము. 2012లో సువర్ణపాత్ర గెలిచిన ‘సింక్రొనైజ్డ్’ గోల్డెన్ మిల్లర్ ఘనతను మరలఁ బొందఁగోరి ఎయిన్‌ట్రీకిఁ దేఁబడి, యచటనే మరణించెను; ఆ పందెముననే మఱియొక గుఱ్ఱమును జనిపోయెను. ఆక్షేపణ పెరుగఁగాఁ గంచెలలోని గట్టి కొయ్యమొద్దులు తొలఁగించి, తగిలిన వంగునట్టి దినుసు పెట్టిరి. బెచరు వాగుకడ పల్లము మెఱక చేసిరి. 2024 మొదలు గుఱ్ఱముల సంఖ్య 40 నుండి 34కుఁ దగ్గింపఁబడెను. తొలివేగము తగ్గుటకై మొదటి కంచె ముందునకుఁ దేఁబడెను. ఇట్లు మార్చిన నీ పందెము పూర్వపుఁ బందెమే కాదని కొందఱును, ఎంత మార్చినను హింసయే యని కొందఱును వాదింతురు. 1928లో గోయి పూడ్చుటయు నట్టి మార్పే యనియు, దానివలన ఘనత తగ్గలేదనియు నిరుపక్షములవారును గుర్తింపఁదగును.

తెలుఁగుదేశమున ఆఱవ నిజాము కాలమున 1886లో హైదరాబాదు పందెములు మౌలాలినుండి మలకపేటకు మాఱినవి. అవి చదునునేల పందెములు. శిఖరమును గుఱిచేసి కంచెలు దాఁటు వాడుక యిచటఁ బ్రబలలేదు. కాని నలోపాఖ్యానము చదివిన దేశమునకు దీని సారము క్రొత్తది గాదు. అక్షహృదయము గ్రహించినవాఁడు ధనము గెలువవచ్చును. అశ్వహృదయము గ్రహించినవాఁ డెప్పుడు గుఱ్ఱమును నిలుపవలయునో యెఱుంగును. ఎయిన్‌ట్రీ చరిత్రము మొదటివిద్యను త్వరగా నేర్చి, రెండవదానిని మెల్లమెల్లగా నేర్చుకొనుచున్నది.